సహానుభవము నేర్చుకొనవలసిన విద్య
(క్రొత్తగా పనిలో చేరిన నర్సుల కొరకును, వారి పెద్దల కొరకును ఒక పాఠము)

చదువవలసిన భాగములు: యోబు 2:11–13, మార్కు 10:46–52, లూకా 10:30–35, హెబ్రీయులకు 4:15

నేను నర్సుగా పనిలో చేరిన మొదటి సంవత్సరమున ఒక రాత్రి జరిగిన సంగతితో ఈ పాఠమును ఆరంభించెదను. మగవారి వార్డులో ఆ రాత్రి నేనొక్కదాననే డ్యూటీలో ఉంటిని. కిటికీ ప్రక్క మంచముమీద ఊపిరితిత్తుల జబ్బుతో ఒక తాత ఉండెను. పదకొండు గంటలకు ఆయన నన్ను పిలిచి, “టైమెంతయింది తల్లీ?” అని అడిగెను. చెప్పితిని. అరగంటకు మరల అడిగెను. మరల చెప్పితిని. ఒంటిగంట వేళ అడిగినప్పుడు నా చేతిలో ఇంజెక్షను ట్రే ఉన్నది. “గోడకి గడియారం ఉంది కదా తాతా! ఊరికే పిలవకు, పడుకో” అంటిని. ఆయన మరి పిలువలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు చూచునప్పటికి నాడి అందలేదు. డాక్టరుగారిని పిలిచితిని. చేయవలసినవన్నియు చేసితిమి గాని ఫలము లేకపోయెను. ఆరు గంటలకు ఆయన కుమారుడు చేతిసంచితో వార్డులోనికి వచ్చెను. మొదటి బస్సుకు వచ్చెదనని ముందురోజే తండ్రికి కబురు చేసెనట. అప్పుడు నాకు తెలిసినది. ఆ తాత అడిగినది గడియారమును గూర్చి కాదు. “నా కొడుకు వచ్చేదాకా నేనుంటానా?” అని ఆయన ఆ రాత్రియంతయు అడుగుచుండెను.

నా చార్టులో తప్పు లేదు. మందులు వేళకు ఇచ్చితిని, జ్వరము చూచితిని, అన్నియు వ్రాసితిని. ఎవరు తనిఖీ చేసినను నన్ను తప్పు పట్టియుండరు. నేను మెత్తగా మాటలాడియుంటే ఆయన బ్రదికియుండునని చెప్పుటలేదు. ఆయన ఒంటరిగా పోకుండ ఉండునని మాత్రమే చెప్పుచున్నాను. తరువాత నేను చాలా ఏండ్లు నర్సింగు విద్యార్థులకు బోధించితిని. ప్రతి సంవత్సరము మొదటి దినములలో ఈ సంగతి వారికి చెప్పుచుంటిని. నేను దయలేనిదానను కాను. ఎట్లు వినవలెనో నాకెవరును నేర్పలేదు. ఈ పాఠములో మనము నేర్చుకొనవలసిన సంగతి ఇదే: రోగి బాధను అతని ప్రక్కనుండి తెలిసికొనుట కొందరికి పుట్టుకతో వచ్చు గుణము మాత్రమే కాదు, అది నేర్పదగిన విద్య. నేర్చినదానిని కాపాడుకొనకపోయిన అది పోవును కూడ.

1. మూడు మాటలు

జాలి, సానుభూతి, సహానుభవము అను మూడు మాటలను మనము ఒకటిగానే వాడుచున్నాము గాని వాటిలో భేదము గలదు. జాలి గట్టుమీద నిలిచి చూచును. సానుభూతి రోగి ఏడ్చుట చూచి తానును ఏడ్చును. సహానుభవము రోగి నిలిచిన చోటికి దిగి, అక్కడనుండి లోకము ఎట్లు కనబడుచున్నదో చూచును. మన తెలుగు బైబిలులో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4:15లో, మన ప్రధానయాజకుని గూర్చి చెప్పుచోట, ఈ సహానుభవము అను మాటనే వాడిరి. మన బలహీనతలలో ఆయన మనతో పాలుగలవాడు, శోధనలన్నిటిలో నడచినవాడు, అయినను పాపములో మనతో కలిసిపోనివాడు. అనగా పూర్తిగా దగ్గరగా వచ్చుటయు, తానెవరో మరువకుండుటయు ఒక్క వ్యక్తియందే కూడియున్నవి.

లోకజ్ఞానులు చాలా కాలము తరువాత ఇదే సంగతి కనుగొనిరి. ఆంగ్లములో ‘ఎంపతీ’ అను మాటను ఒక జర్మను మాటకు సరిగా ఎడ్వర్డ్ టిచెనర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1909లో కల్పించెను. కార్ల్ రోజర్స్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1957లో దీనిని వివరించుచు, ఎదుటివాని లోలోపలి లోకమును మనదే ‘అన్నట్లు’ గ్రహించవలెననియు, ఆ ‘అన్నట్లు’ అను మాటను మాత్రము ఎన్నడు పోగొట్టుకొనరాదనియు చెప్పెను. ఆ మాట పోయినచో నర్సును రోగియే అగును. అప్పుడు ఇద్దరిని లేవదీయుటకు మూడవవాడు కావలెను.

తనదాకా వస్తేగాని తెలియదని మన పెద్దలు అందురు. అది నిజమే. అయితే ప్రతి నర్సుకు ప్రతి జబ్బు వచ్చువరకు ఆగలేము గదా! తనదాకా రాకముందే తెలిసికొనుటయే ఈ విద్య.

2. హృదయము ఎట్లు మొద్దుబారును?

నర్సింగు నేర్చుకొన వచ్చు పిల్లలు సామాన్యముగా మెత్తని మనస్సుతోనే వత్తురు. ఇతరులకు సేవచేయవలెనను కోరిక లేనివారు ఈ పనికి తక్కువగా వత్తురు. అయినను ఉద్యోగమున చేరిన రెండు మూడు ఏండ్లకు వారిలో కొందరి మాట గరుకగును, ముఖము మూతపడును. “ఈ సిస్టరమ్మ కసురుతుంది” అని రోగులు చెప్పుకొందురు. వారి హృదయము చెడిపోయినదని మనము తీర్పు తీర్చుదుము. అది తొందరపాటు.

ఇసబెల్ మెంజీస్ అను ఆమె లండను నగరములోని ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల పనిని పరిశీలించి, 1960 ప్రాంతమున తన గ్రంథమును ప్రకటించెను. అక్కడ రోగిని పేరుతో గాక, మంచము నంబరుతోను చెడిన అవయవముతోను పిలుచుచుండిరి. ఒక్కొక్క నర్సు అనేకులకు కొద్ది కొద్ది పనులు చేయునట్లు పని ముక్కలు చేయబడియుండెను. ఎవ్వరికిని ఎవ్వరును ఎక్కువ దగ్గర కాకుండుటకే ఈ ఏర్పాటు పనికివచ్చుచుండెను. ఇది క్రూరత్వము కాదని ఆమె గ్రహించెను. బాధను, చావును దినదినము చూచు భయమునుండి తప్పించుకొనుటకు ఆసుపత్రి కట్టుకొన్న గోడ అది. అయితే ఆ గోడవలన భయము తగ్గలేదు. అక్కడ శిక్షణకు వచ్చినవారిలో ఇంచుమించు మూడవ వంతుమంది మధ్యలోనే మానివేయుచుండిరి.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. “ఏడో బెడ్ షుగరు”, “పన్నెండో బెడ్ ఆపరేషను” అని మన వార్డులలోను వినుచున్నాము. తొందరలో అది సులువు. అయితే నాలుక అలవాటుపడినదానికి మనస్సు కూడ అలవాటుపడును.

మరియొక కారణము గలదు. బడిలో నేర్చిన నర్సింగు వేరు, వార్డులో ఎదురైన నర్సింగు వేరు. ఈ దెబ్బను మార్లీన్ క్రామర్ అను అమెరికా నర్సు 1974లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. పాట్రీషియా బెన్నర్ అను మరియొక నర్సింగు పండితురాలు 1984లో, నర్సు అనుభవశాలి అగుటకు ఐదు మెట్లు కలవని చూపెను. మొదటి మెట్లమీద ఉన్నవారికి నియమములును పనుల పట్టికయు మాత్రమే కనబడును. రోగి మొత్తముగా కనబడుటకు కాలము పట్టును. కాబట్టి క్రొత్త నర్సు డ్రిప్పును చూచి ముఖమును చూడకపోవుట దుర్మార్గము కాదు, ఆమె ఇంకను మెట్లెక్కుచున్నది. అమెరికాలో నర్సింగు విద్యార్థులను పరిశీలించి 2012లో ప్రకటించిన ఒక అధ్యయనములో, రోగులమధ్య ఎక్కువ పని చేసినవారిలోనే సహానుభవము ఎక్కువగా తగ్గినట్లు కనబడెను. ఇది మనలను ఆలోచింపజేయవలెను. వార్డు దానంతట అదే దయను నేర్పదు. నేర్పువారు లేనియెడల వార్డు దయను హరించును.

3. ఎట్లు నేర్పవలెను?

ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రియందు నర్సుల శిక్షణాలయమును స్థాపించెను. మన దక్షిణదేశమున వెల్లూరులో డాక్టరు ఐడా స్కడ్డరు గారు 1909లో నర్సుల శిక్షణను ఆరంభించిరి. పట్టీ కట్టుట నేర్పదగినదైనట్లే వినుటయు నేర్పదగినదే. ఈ దినములలో అనేకచోట్ల వాడుచున్న పద్ధతులలో నాలుగింటిని ఇక్కడ చెప్పెదను.

మొదటిది, రోగి మంచముమీద పండుకొనుట. క్రొత్త నర్సును మంచముమీద పండుకొనబెట్టి, కండ్లకు గంతలు కట్టి, మరియొకరిచేత అన్నము తినిపించవలెను. చెప్పకుండ దుప్పటి లాగవలెను. ఆమె తలపైన ఇద్దరు నిలిచి ఆమెను గూర్చి గుసగుసలాడవలెను. పది నిమిషములు చాలును. లేచిన తరువాత ఆమె ఏ రోగి దుప్పటిని చెప్పకుండ లాగదు. గుసగుసలు రోగిని ఎంత బాధించునో నైటింగేలు 1859లో ప్రకటించిన నర్సింగు గ్రంథములోనే వ్రాసెను. రోగి మెడ త్రిప్పనక్కరలేకుండ అతనికి కనబడుచోట కూర్చుండి మాటలాడవలెనని కూడ ఆమె బోధించెను. ఇంత చిన్న సంగతి! దీనికి ఖర్చు లేదు, ఒక స్టూలు చాలును.

రెండవది, అడుగుట. యెరికో మార్గమున బర్తిమయి కేకలు వేసినప్పుడు అనేకులు అతనిని ఊరకుండుమని గద్దించిరి. వారును పనిలో ఉన్నవారే, త్రోవ సాగవలెనను తొందరలో ఉన్నవారే. ప్రభువు నిలిచి అతనిని పిలిపించి, అతనికి ఏమి చేయగోరుచున్నాడో అడిగెను. గ్రుడ్డివానికి ఏమి కావలెనో చూచినవారందరికి తెలియదా? అయినను అడిగెను. అడుగుటవలన ఆ బిచ్చగాడు తన మాట తానే చెప్పుకొనిన మనుష్యుడాయెను. “తాతగారూ, ఈ రాత్రి మీకు అన్నిటికంటె ఎక్కువ కష్టంగా ఉన్నది ఏమిటి?” అని నర్సు అడుగవచ్చును. నొప్పి అనునని మనము తలంచుదుము. అతడు “ఇంటిదగ్గర గేదెకి మేత ఎవరు వేస్తారో” అనవచ్చును.

మూడవది, ఊరకుండుట. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసినదానిలో మేలైనది అదే. నోరు తెరచి కారణములు చెప్ప మొదలుపెట్టిన తరువాతనే వారు అతనికి భారమైరి. మన వార్డులలో “ఏం కాదులే, భయపడకండి” అను మాట నీళ్లవలె వాడుచున్నాము. చెప్పువారికి అది ఓదార్పు. వినువారికి తలుపు మూసిన చప్పుడు. రోగులకు ఇట్టి ఉత్త ఆశలును సలహాలును చెప్పు వారిని గూర్చి నైటింగేలు తన గ్రంథములో ఒక అధ్యాయమే వ్రాసెను. శిక్షణలో ఒక నర్సు రోగిగాను మరియొకరు నర్సుగాను నటించి, రోగి ఏడ్చినప్పుడు ఒక నిమిషము మాటలాడక కూర్చుండుట అభ్యసింపవలెను. ఆ నిమిషము ఎంత దీర్ఘమో చేసినవారికే తెలియును.

నాలుగవది, తగిన మాట. క్యాన్సరు రోగులకు సేవచేయువారికి నేర్పు ఐదు మెట్ల పద్ధతి ఒకటి కలదు. రోగి మనస్సులోనిదానికి పేరు పెట్టుట, దానిని అర్థము చేసికొన్నామని చెప్పుట, అతని ఓర్పును గౌరవించుట, తోడుందుమని చెప్పుట, ఇంకను చెప్పుమని అడుగుట అనునవే ఆ ఐదు. ఆంగ్లములో ఆ ఐదు మాటల మొదటి అక్షరములు కూర్చిన ‘నర్స్’ అను పదమే వచ్చును. ఆపరేషనుకు వెళ్లవలసిన ఒక తల్లి, “మళ్ళీ లేచి తిరుగుతానా అమ్మా?” అని అడిగినదనుకొనుడి. “మీకు భయంగా ఉంది కదమ్మా. ఇంట్లో పిల్లలను వదిలి వస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఇన్నాళ్ళు ఎంతో ఓర్చుకున్నారు. లోపలికి తీసుకెళ్ళేదాకా నేను మీతో ఉంటాను. మీ మనసులో ఇంకేముందో చెప్పండి” అని నర్సు చెప్పవచ్చును. ఇందులో అబద్ధపు ఆశ లేదు. అరనిమిషము కంటె ఎక్కువ కాలము పట్టదు. ఉండలేని నర్సు ఉంటానని మాత్రము చెప్పకూడదు.

“మాకు సమయమెక్కడిది?” అని క్రొత్త నర్సులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. రోగులు ఎక్కువై నర్సులు తక్కువైనప్పుడు ఆ తప్పు వారిది కాదు. అయినను రక్తపోటు చూచుటకు పట్టీ కట్టునప్పుడు చేతులు పట్టీమీద, కన్నులు ముఖముమీద ఉండవచ్చును. బోస్టను నగరమునకు చెందిన కెన్నెత్ స్వార్ట్‌జ్ అను న్యాయవాదికి 1994లో ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చెను. మరుసటి సంవత్సరము ఆయన మరణించెను. మరణమునకు ముందు ఆయన తన అనుభవమును ఒక పత్రికలో వ్రాసెను. ఆపరేషనుకు ముందు వివరములు అడుగవచ్చిన ఒక నర్సు మొదట ముక్తసరిగా మాటలాడెను. ఆయనకు వచ్చిన జబ్బు ఏదో, ఇంటిలో రెండేండ్ల కుమారుడున్నాడని వినిన తరువాత ఆమె స్వరము మారెను, ఆయన చేయి పట్టుకొనెను. మరునాడు ఆపరేషనుకు తీసికొనిపోవు వేళ తన పని కాకపోయినను వచ్చి శుభము కోరెను. ఎన్నో గొప్ప వైద్యములు పొందిన ఆ మనుష్యుడు మరువక వ్రాసినవాటిలో ఈ కొద్ది నిమిషములున్నవి.

ఇట్టి శిక్షణవలన ఫలమున్నదా? అదే బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో హెలెన్ రీస్ అను వైద్యురాలు శిక్షణలోనున్న యువవైద్యులకు గంటసేపటి పాఠములు మూడు చెప్పి పరీక్షించెను. ఆ పాఠములు వినినవారి సహానుభవమును రోగులే మునుపటికంటె మేలుగా ఎంచిరని 2012లో ప్రకటించిరి. అది వైద్యులను గూర్చిన పరీక్షయే గాని, మూడు గంటలలో మార్పు కలిగినదన్న సంగతి నర్సులకును ధైర్యము పుట్టించవలెను.

4. సమరయుడు మరునాడు ఏమి చేసెను?

మంచి సమరయుని కథలో మనము గాయములు కట్టుటవరకే చదివి ఆగిపోవుదుము. మరునాటి సంగతి చూడుడి. అతడు రెండు దేనారములు పూటకూళ్లవానికిచ్చి, ఆ మనుష్యుని అప్పగించి, తిరిగి వచ్చెదనని చెప్పి తన త్రోవను పోయెను. అతని కనికరము తక్కువైనదా? కాదు. తానొక్కడే సమస్తము మోయనక్కరలేదని అతడెరుగును. నర్సు డ్యూటీ మారునప్పుడు రోగిని తరువాతి నర్సుకు అప్పగించుట ఇట్టిదే. మందులను మాత్రమే గాక, “ఆయన కుమారుని కొరకు కనిపెట్టుచున్నాడు” అను సంగతిని కూడ అప్పగించవలెను. అప్పగించిన తరువాత ఇంటికి పోయి నిద్రించుట పాపము కాదు.

ఈ విషయములో టానియా సింగర్, ఓల్గా క్లిమెకి అనువారు చేసిన పరిశోధన గమనింపదగినది. కొందరికి మొదట ఇతరుల బాధను తమలో అనుభవించుట మాత్రమే నేర్పిరి. వారిలో దుఃఖము పెరిగెను. తరువాత అదే మనుష్యులకు, బాధపడువాని మేలు కోరుచు ప్రేమతో తలంచుటను నేర్పిరి. దుఃఖము తగ్గి మంచి తలంపులు పెరిగెను. కాబట్టి బాధను లోనికి పీల్చుకొనుటతో ఆగిన నర్సు అలసిపోవును. ఆ బాధనుండి మేలు చేయుటకు కదలినయెడల నిలువగలదు. సమరయుడు చూచెను, కనికరపడెను, దగ్గరకు పోయెను, చేతులతో పని చేసెను. కనికరపడుట మధ్యలో ఉన్న మెట్టు, చివరి మెట్టు కాదు.

నర్సు భారమును వినువారు కూడ కావలెను. పైన చెప్పిన కెన్నెత్ స్వార్ట్‌జ్ పేరట ఏర్పడిన సంస్థవలన అనేక ఆసుపత్రులలో ఒక కూడిక నడుచుచున్నది. నర్సులు, వైద్యులు, తక్కిన పనివారు కలిసి కూర్చుండి, జబ్బును గూర్చి గాక, ఆ పని తమ మనస్సునకు ఏమి చేసెనో చెప్పుకొందురు. తప్పులు పట్టరు. మన ఆసుపత్రులలో హెడ్ నర్సు తలచినచో నెలకొకసారి అరగంట ఇట్లు కూర్చుండవచ్చును. అపొస్తలులు పనిచేసి తిరిగి వచ్చినప్పుడు భోజనము చేయుటకైనను తీరిక లేకుండెను గనుక, ఏకాంతముగా వచ్చి కొంచెము విశ్రమించుడని ప్రభువు వారిని పిలిచిన సంగతి మార్కు 6:31లో ఉన్నది. పంపినవాడే విశ్రాంతిని కూడ ఆజ్ఞాపించెను.

5. పెద్దలకు ఒక మాట

క్రొత్త నర్సు చెప్పినదానికంటె చూచినదానిని ఎక్కువ నేర్చుకొనును. రోగులమధ్య ఆమెను కేకలువేసి అవమానించు సీనియరు, దయను గూర్చి తరగతిలో గంటసేపు చెప్పినను వ్యర్థము. తానెట్లు పిలువబడునో ఆమె రోగిని అట్లే పిలుచును.

ఇంటివారును ఆలోచింపవలెను. మన కుటుంబములనుండి కుమార్తెలు, ఇప్పుడు కుమారులును, ఈ పనికి పోవుచున్నారు. రాత్రి డ్యూటీనుండి వచ్చిన బిడ్డను జీతమెప్పుడు పెరుగునని అడుగుదుము. “రాత్రి ఎలా గడిచిందమ్మా?” అని ఎందరము అడుగుదుము? రోగుల పేర్లును జబ్బులును ఇంటిలో చెప్పుట తగదు. తన మనస్సులోనిది చెప్పుకొనవచ్చును. వినబడిన బిడ్డ వినగలుగును.

ఆ తాతను నేను మరువలేదు. ఆ రాత్రి తిరిగి రాదు. అయితే నా విద్యార్థినులలో ఒకతె, మొదటి ఉద్యోగములో చేరిన కొన్ని నెలలకు నాయొద్దకు వచ్చి చెప్పిన మాట నాకు ఆదరణ కలిగించెను. “మేడమ్, నిన్న రాత్రి ఒక మామ్మ టైమెంతని మూడుసార్లు అడిగింది. మూడోసారి స్టూలు లాక్కుని కూర్చుని, ఎవరికోసం ఎదురు చూస్తున్నావు మామ్మా అని అడిగాను” అనెను. ఎవరికొరకో ఆమె చెప్పలేదు. నేనును అడుగలేదు. అది ఆ మామ్మకును ఆమెకును మధ్య జరిగిన మాట.

చర్చించుటకు ప్రశ్నలు

1. నీవు జబ్బుతో ఉన్నప్పుడు ఎవరి మాట నీకు ఆదరణయైనది? ఎవరి మాట భారమైనది? ఎందుచేత?

2. బర్తిమయిని గద్దించినవారిలో నీవెప్పుడైన ఉంటివా?

3. సమరయుడు రోగిని పూటకూళ్లవానికి అప్పగించుటనుండి, అలసిన సేవకురాలు ఏమి నేర్చుకొనవలెను?

4. మీ సంఘములో క్రొత్తగా పనిలో చేరిన నర్సులు ఎందరున్నారు? ఈ నెలలో వారిలో ఒకరి మాట వినుటకు నీవు ఒక గంట కేటాయింపగలవా?